తేజస్ వెనుక బరంపురం బిడ్డ

2001 జనవరి 4న బెంగళూరులో వింగ్ కమాండర్ రాజీవ్ కొఠియాల్ ఒక కొత్త యుద్ధవిమానమును ఆకాశమునకెత్తిరి. అంతకు మునుపు అది నేలను వీడి ఎరుగదు. పదునెనిమిది నిమిషముల అనంతరము ఆయన క్షేమముగా దిగిరి. 2003లో ప్రధాని వాజపేయి ఆ విమానమునకు ‘తేజస్’ అని నామకరణము చేసిరి. ఆ పథకమునకు సారథ్యము వహించిన శాస్త్రవేత్త డాక్టర్ కోట హరినారాయణ 1943లో మన బరంపురము బడా బజారులో జన్మించినవారు.

ధ్వని వేగము నేల సమీపమున గంటకు సుమారు 1225 కిలోమీటర్లు. విమానము ఆ వేగమును అందుకొనుసరికి ఎదుటి గాలి తొలగుటకు వ్యవధి చాలక గట్టిపడి అడ్డునిలుచును. విమానము అదరును, పట్టు తప్పవచ్చును. 1947 అక్టోబరు 14న అమెరికాకు చెందిన చక్ యేగర్ ఆ హద్దును తొలుత దాటిరి. మన దేశమున 1961లో ‘మారుత్’ను మొదట నడిపిన సురంజన్ దాస్, 1970 జనవరి 10న పరీక్షా విమానము కూలి అసువులు బాసిరి. పరీక్షా పైలట్ వృత్తి అంతటి ప్రమాదకరమైనది.

హరినారాయణ కాశీ హిందూ విశ్వవిద్యాలయమున ఇంజనీరింగు చదివి, బెంగళూరులో ఉన్నతవిద్య, బొంబాయి ఐ.ఐ.టి.లో డాక్టరేటు పొందిరి. తేజస్‌ను చురుకుగా మలుపులు తిరుగుటకై కావలెననియే నిలకడ లేనిదిగా రూపొందించిరి. దానిని అనుక్షణము నిలిపి ఉంచునది కంప్యూటరు. ఒకటి చెడినను ముప్పు రాకుండ నాలుగు మార్గములు సమాంతరముగా పనిచేయును. 1998 అణుపరీక్షల పిదప అమెరికా ఆంక్షలు విధించి ఈ విషయమున సహకారమును నిలిపివేయగా, మన ఇంజనీర్లే ఆ పని పూర్తి చేసిరి. ఆ లెక్కలలో ఒక్క తప్పు దొర్లినను మూల్యము పైలట్ ప్రాణమే.

2003 ఆగస్టు 1న తేజస్ ధ్వని వేగమును దాటినది. 2016లో వాయుసేనలో చేరినది. తొలి ప్రయాణము మొదలు 2024 మార్చి వరకు ఒక్క తేజస్ కూడ కూలలేదు. ఆ నెలలో జైసల్మేరు వద్ద ఒకటి కూలగా పైలట్ బయటపడిరి. 2025 నవంబరులో దుబాయి ప్రదర్శనలో మాత్రము ఒక పైలట్ ప్రాణములు కోల్పోయిరి.

ఆకాశమున పైలట్ ఒంటరివాడు కాడు. నేలపై లెక్కలు సరిచూచు చేతులును ఆయనతో ఎగురును. పొరుగు రాష్ట్రమున పెరుగుచున్న మన తెలుగు బిడ్డలకు ఈ వృత్తాంతము చెప్పుడు. అట్టి చేతులలో రెండు ఈ గంజాం గడ్డవే.