కుచ్చు నుంచి గొట్టం దాకా

కృత్తివెన్ను వైపు పాత ఇళ్ల వసారాల్లో దూలానికి కట్టే ధాన్యపు కుచ్చును ఎవరూ యంత్రమనరు. మరా చక్రమూ ఏమీ లేవాయె! పని మాత్రం యంత్రానిదే. కంకుల్ని కాడలతో కోసి, తడిపి, జడలా అల్లి వేలాడదీస్తారు. గాలికి ఊగే కంకిని పట్టుకుని నిలబడగలిగేది తేలికపాటి పిట్టే. కాకి, పావురం ఆ ఊగులాట మీద ఆగలేవు. మేత ఎవరికి అందాలో కుచ్చే తేలుస్తుంది.

పిచ్చుక తినేటప్పుడు ముక్కు చూడండి. గింజను లాగి నాలుకతో అడ్డంగా దొర్లిస్తూ, ముక్కు అంచుతో పొట్టు చీలుస్తుంది. ఊక పక్కలనుంచి రాలిపోతుంది, బియ్యం లోపలికి. రైసుమిల్లులో రబ్బరు రోలర్లు చేసేదీ ఇదే. చేలగట్ల మీది జీనువాయి పిట్టలదీ ఇదే విద్య.

అమెరికాలో పిట్టలకు మేత అందించే పని గొట్టానికి అప్పగించారు. పీటర్ కిల్హామ్ 1969లో పారదర్శక ప్లాస్టిక్ గొట్టంతో మేతపాత్ర తయారుచేశాడు. అంతకుముందు ఆయన కంపెనీ పక్షి కూతల రికార్డులు వేసేది! గొట్టానికి కన్నాలుంటాయి, ఒక్కో కన్నం దగ్గర లోపల చిన్న అడ్డు. కల్లంలో ధాన్యం రాశి ఒక వాలుకొచ్చి ఆగినట్టే గింజలు కన్నం దగ్గర ఆగుతాయి. పిట్ట ఒకటి తీస్తే పైది జారుతుంది. గోల్డ్‌ఫించ్ అనే పిట్టల కోసమైతే సన్నటి చీలికలు పెట్టి, వలిసెలు పోస్తారు. అరకులో పసుపచ్చగా పూసే వలిసెలే. ఇండియా నుంచీ అక్కడికి ఎగుమతవుతాయి. మన మినుము చేలను పీడించే బంగారుతీగ విత్తనాలు వాటితో కలిసి వచ్చి మొలవకుండా, వేడిచేశాకే లోపలికి రానిస్తారు. కొన్ని గొట్టాల్లో చీలిక కూర్చునే పుల్లకు కిందుగా ఉంటుంది. గోల్డ్‌ఫించ్ తలకిందులుగా వేలాడి తింటుంది, హౌస్ ఫించ్ అనే మరో పిట్టకు అది కష్టం.

గొట్టానికో లోపముంది. వచ్చిన ప్రతి పిట్టా అదే కన్నంలో తల దూర్చాలి. 1994లో అక్కడి హౌస్ ఫించ్‌లలో కనిపించిన కళ్లజబ్బు వ్యాపించడానికి ఇలాంటి మేతపాత్రలూ తోడయ్యాయి. కడిగి ఆరబెట్టకపోతే మేలుకన్నా కీడే ఎక్కువ. కుచ్చులో ఆ ఇబ్బంది తక్కువ. తిన్న కంకి మళ్లీ నిండదు, ఖాళీ అయితే తీసి పారేస్తాం. నన్నడిగితే కుచ్చే మెరుగు.

ఇప్పుడు కోత మిషను దిగితే కంకి మిగలదు. అందుకే సార్వా కోతకు ముందే చేను మూల నాలుగు గుప్పెళ్లు కొడవలితో కోసి ఉంచండి. బూజు పట్టకుండా బాగా ఎండనివ్వండి, పిల్లికి అందని ఎత్తులో కట్టండి. పక్కనే మూకుడుతో నీళ్లు పెట్టండి. పెరట్లో పురుగుమందు మాత్రం కొట్టకండి. పిచ్చుక తన పసికూనలకు పెట్టేది ఎక్కువగా పురుగులే.