ఒకే చిరునామా – రెండు భాషలు

ఒకే వెబ్ చిరునామాను కోరు పాఠకులలో ఒకరికి ఉర్దూ పుటను, మరొకరికి తెలుగు పుటను అందించుట ఎట్లో పరిశీలింతము.

బ్రౌజరు తన అభ్యర్థనతో 'యాక్సెప్ట్-లాంగ్వేజ్' అను హెడరును పంపును; ఉర్దూకు 1, తెలుగుకు 0.8 అన్నట్లు ప్రాధాన్యములు అందులో ఉండును. 2010లో వెలువడిన ఫ్లాస్క్ అను తేలికపాటి పైథాన్ ఫ్రేమ్‌వర్కులో, వానిని మన వద్దనున్న భాషలతో పోల్చి తగినదానిని ఎన్నుకొను 'బెస్ట్ మ్యాచ్' అను సాధనము కలదు. ఏదియు కుదరనిచో ఏ పుట పంపవలెనో మనమే ముందుగా నిర్ణయింపవలెను.

జవాబులో 'వేరీ: యాక్సెప్ట్-లాంగ్వేజ్' అని చేర్చుట మరువరాదు, లేనిచో, నడుమ ప్రతులను దాచియుంచు సర్వరు ఒకరి ఉర్దూ పుటను వేరొకరికి అందింపవచ్చును.

అయినను ఆ హెడరు తెలుపునది బ్రౌజరు అమరికనే గాని పాఠకుని మనస్సును కాదు. కావున ప్రతి పుటపైనను రెండవ భాషకు లంకె నుంచుట మన బాధ్యత.