కారు ఆయిల్ మార్చేటప్పుడు డ్రెయిన్ బోల్టు ఊడకపోతే ఏం చెయ్యాలి?

మాది ఆత్రేయపురం. మా ఇంట్లో పూతరేకులు చుడతారు. ఆ పెట్టెల్ని కారులో రావులపాలెం తీసుకెళ్లి బస్సెక్కించడం నా డ్యూటీ. మొన్న ఆదివారం మధ్యాహ్నం ఖాళీగా ఉన్నానని ఆయిల్ మారుద్దామని కారు కింద దూరాను. తీరా చూస్తే డ్రెయిన్ బోల్టు కదలదు! మర్నాడు పొద్దున్న ఆరింటికి పెట్టెలు వెళ్లాలి. నాన్నగారేమో గుమ్మంలో నుంచుని "మెకానిక్‌కి ఇవ్వరా అంటే విన్నావా" అంటున్నారు.

అప్పుడు నాకొచ్చిన మొదటి ఆలోచన, పానాకి పైపు తొడిగి లాగేద్దామని. ఆగానండీ. ఎందుకాగానో చెప్తాను.

బోల్టు రాకపోతే మనం వెంటనే తుప్పు అనుకుంటాం. గోదారి పక్కన తేమ ఎక్కువ కాబట్టి తల మీద తుప్పు ఉంటుంది, నిజమే. కానీ లోపలి మరలు ఎప్పుడూ ఆయిల్‌తో తడిసే ఉంటాయి కదా. అందుకే చాలాసార్లు అసలు కారణం తుప్పు కాదు, కిందటిసారి అతిగా బిగించిన చెయ్యి. చాలా చిన్న కార్లకి ఈ బోల్టు బిగింపు 35 నుంచి 40 న్యూటన్ మీటర్లు ఉంటే చాలు. అంటే పావు మీటరు పానా చివర సుమారు 15 కిలోల బలం, అంతే. అదే 15 కిలోలు మీటరు పైపు చివర పెడితే 150 దగ్గరకి పోతుంది. అంత బలానికి బోల్టు తల అరిగిపోవచ్చు, లేదా ఛాంబర్‌లో మరలు పోవచ్చు. ఛాంబర్ అల్యూమినియందైతే ఇంకా ప్రమాదం.

ముందు ఎటు తిప్పుతున్నారో చూసుకోండి. నవ్వకండి, కింద పడుకుంటే అందరూ తికమకపడతారు. బోల్టు తల మనకేసి ఉన్నట్టు చూసి, గడియారం ముల్లుకి ఎదురు తిప్పాలి. పైనుంచి ఊహించుకుంటే రివర్స్ అయిపోయి, ఇంకా బిగించేస్తాం. అలాగే అది ఇంజన్ బోల్టేనా, గేర్‌బాక్స్‌దా అన్నది కూడా కారు పుస్తకంలో ఒకసారి చూసుకోండి.

ఇంకోటి, ప్రాణానికి సంబంధించింది. జాకీ ఒక్కదాన్నే నమ్మి కారు కింద దూరకండి. ఇటుకలు పేర్చడం అసలొద్దు, పగిలిపోతాయి. స్టాండ్లు పెట్టండి, చక్రాలకి అడ్డాలు పెట్టండి. మనం ఊపుతున్నది కారునే అని మర్చిపోకూడదు.

ఇప్పుడు పని. ఇంజన్ నాలుగైదు నిమిషాలు నడిపి ఆపేయండి, ఆయిల్ పల్చబడి బాగా దిగుతుంది. సైలెన్సర్ పైపుకి చెయ్యి తగలకుండా చూసుకోండి. బోల్టు తలని వైరు బ్రష్‌తో గీకండి, మట్టి ఉంటే సాకెట్ పూర్తిగా కూర్చోదు. నేను చేసిన తప్పు ఇక్కడే. నా దగ్గరున్నది పన్నెండు పలకల రింగు పానా. అది మూలల్ని మాత్రమే పట్టుకుంటుంది కాబట్టి జారి తల అరుగుతుంది. ఆరు పలకల సాకెట్ అయితే బోల్టు పక్కల్ని గట్టిగా పట్టుకుంటుంది. మా వీధిలో ట్రాక్టర్ ఉన్న బాబాయి దగ్గర దొరికింది. స్క్రూ స్పానర్‌తో మాత్రం వెళ్లకండి.

మెల్లగా బలంగా లాగడం కన్నా, చిన్న కుదుపు బాగా పనిచేస్తుంది. సాకెట్ జారకుండా ఒక చేత్తో పట్టుకుని, హ్యాండిల్ చివర రబ్బరు సుత్తితో టక్ టక్ మని రెండు దెబ్బలు. నాకు రెండో దెబ్బకి "టప్" మంది. విరిగిపోయిందేమో అని గుండె ఆగినంత పనైంది! చూస్తే వదిలింది. మంట పెట్టి వేడి చెయ్యమనేవాళ్లుంటారు. ఆయిల్, పెట్రోల్ పక్కన మంటేంటండీ, వద్దు.

అయినా రాకపోతే? తల అరగడం మొదలైతే ఆపెయ్యండి. ఇక్కడ ఆపితే నష్టమేం లేదు. పాత ఆయిల్ లోపలే ఉంది, చుక్క కారట్లేదు, కారు మెల్లగా మెకానిక్ దాకా వెళ్తుంది. అదే మరలు పోయి ఆయిల్ కారిందా, ఇక లాగించుకుని వెళ్లడమే. డిప్‌స్టిక్ గొట్టంలోంచి పంపుతో ఆయిల్ లాగే పద్ధతి కూడా ఉంది, మెకానిక్‌ని అడగండి.

తిరిగి పెట్టేటప్పుడు కొత్త వాషర్ వేసి, ముందు మరలు చేత్తోనే ఎక్కించండి. తర్వాత పుస్తకంలో ఉన్న లెక్కకే బిగించండి. లేకపోతే వచ్చేసారి మళ్లీ ఇదే కథ.

పాత ఆయిల్ మాత్రం కాలవలో పొయ్యకండి బాబూ. కింద ఊళ్లవాళ్లు తాగేది ఆ నీళ్లే. డబ్బాలో పోసి మూత పెట్టి మెకానిక్ షాపులో ఇచ్చేయండి. నేనదే చేశాను.

రాత్రి కారు కింద అట్టముక్క వేసి పడుకున్నాను. పొద్దున్నే లేచి చూస్తే చుక్క లేదు. ఆరింటికి పెట్టెలు బయల్దేరాయి. ఉంటానండీ.