గుండె ఆగిన వేళ మెదడుకి కాపలా

"ఏమ్మే, మీ నాయన లేచినాక మనల్ని గుర్తుపడతాడా?"

ఆపరేషన్ థియేటర్ బయట బెంచీ మీద కూర్చుని అమ్మ అడిగిన ప్రశ్న అది. బతుకుతాడా అని కాదు, గుర్తుపడతాడా అని!

మా పుట్టిల్లు నెల్లూరు జిల్లా మైపాడు దగ్గర పల్లె. నాయనకి రొయ్యల గుంటలే లోకం. 2023లో ఆయన గొంతు బొంగురుపోయి ఎన్నాళ్లకీ తగ్గలేదు. స్కానింగ్ తీయిస్తే, గుండె నుంచి బయల్దేరే అయోర్టా అనే పెద్ద ధమని, వంపు తిరిగే చోట బుడగలా ఉబ్బిందన్నారు. చెన్నై తీసుకెళ్లాం.

ముందురోజు మత్తు డాక్టరమ్మ మమ్మల్ని కూర్చోబెట్టి అన్నీ విడమరిచి చెప్పింది. మెదడు బరువు మన ఒంటి బరువులో నూటికి 2 వంతులే. కానీ ఒళ్లు వాడుకునే ప్రాణవాయువులో ఐదో వంతు దానికే కావాలి. అది అందకపోతే నిమిషాల్లో దెబ్బతింటుంది. గుండెని ఆపి ఆపరేషన్ చేసేటప్పుడు రక్తాన్ని హార్ట్-లంగ్ మిషన్ నడిపిస్తుంది. అమెరికాలో జాన్ గిబ్బన్ 1953లో దాన్ని తొలిసారి విజయవంతంగా వాడాడు. అయితే అయోర్టా వంపు దగ్గర చిక్కు ఎక్కువ. తలకి వెళ్లే రక్తనాళాలు అక్కడి నుంచే చీలతాయి. అందుకని ఒంటిని చల్లబరిచి, మిగతా ఒంటికి రక్తం ఆపి, మెదడుకి మాత్రం విడిగా గొట్టంతో అందిస్తారు.

"వేలికి క్లిప్పు పెడతారు కదండీ?" అన్నాను. కరోనా రోజుల్లో మనమంతా చూసిందేగా!

"అది నాడి కొట్టుకుంటేనే పనిచేస్తుందమ్మా. గుండె ఆపాక నాడేదీ?" అని నవ్విందావిడ.

అందుకే నుదుటికి రెండువైపులా పట్టీలు అంటిస్తారు. వాటిలోంచి కంటికి కనిపించని కాంతి పుర్రె దాటి లోపలికెళ్లి వస్తుంది. ఆక్సిజన్ ఉన్న రక్తం ఒకలా, లేని రక్తం ఇంకోలా ఆ కాంతిని పీల్చుకుంటాయి. ఆ తేడాని బట్టి తెర మీద అంకె పడుతుంది. ఈ కిటుకుని 1977లో ఫ్రాన్స్ జాబ్సిస్ అనే శాస్త్రవేత్త లోకానికి తెలిపాడు. మొదట ఉన్న అంకెలో ఐదో వంతు తగ్గిందంటే డాక్టర్లు అప్రమత్తమవుతారు. మెడ వాలిందా, గొట్టం జరిగిందా, బీపీ తగ్గిందా, రక్తం ఎక్కించాలా అని వరసగా చూస్తారు.

నాయన తలూపాడు. "మన గుంటల మాదిరే గదా! తెల్లారుజామున నీళ్లు చూసేదానికి బాగానే ఉంటాయి. మీటరు పెడితేనే ఆక్సిజన్ పడిపోయిందని తెలిసేది. రొయ్య పైకి తేలినాక ఏరేటరు తిప్పితే ఏం లాభం?"

ఈ పట్టీలు మెదడు ముందు భాగాన్నే చూస్తాయనీ, ఇవి ఉన్నంత మాత్రాన పక్షవాతం రాదని హామీ ఇవ్వలేమనీ కూడా డాక్టరమ్మ దాచకుండా చెప్పింది.

ఆపరేషన్ మధ్యలో ఎడమవైపు అంకె పడిపోయిందట. గొట్టం కుడివైపు నుంచి పెడితే కొందరికి ఎడమవైపు చాలినంత రక్తం అందదట. వెంటనే అటు కూడా ఇంకో గొట్టం వేశారట. ఇది తర్వాత విని నా ఒళ్లు జలదరించింది.

మర్నాడు గొంతులో గొట్టం తీశాక నాయన అమ్మకేసి చూశాడు. "గుంటకాడ మేత ఎవురేస్తా ఉండారు?" అన్నాడు మెల్లగా. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చేసింది.

మన ఇళ్లలో గుండె ఆపరేషనంటే ఖర్చెంత, ఎన్నాళ్లుండాలి అని అడుగుతాం. సంతకం పెట్టేముందు ఇంకొక్క మాట కూడా అడగండి: "ఆ సమయంలో మెదడుని ఎలా కనిపెట్టుకుంటారు?" అడిగితే విసుక్కుంటారేమోనని మొహమాటపడొద్దు. మా అమ్మ ప్రశ్నకి జవాబు అందులోనే ఉంది.