తెడ్డును తప్పించిన యంత్రము

అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రము సరస్సులకు పెట్టినది పేరు. 1906వ సంవత్సరపు వేసవిలో అచ్చటి ఒక సరస్సుపై ఓలే ఎవిన్‌రూడ్ అను యువకుడు చెమటలు క్రక్కుచు తెడ్డు వేయుచుండెనట. ఆవలి గట్టుననున్న అంగడినుండి బెస్ అను యువతికై ఐస్‌క్రీము తేవలెనని ఆతని తాపత్రయము. తీరా తెచ్చుసరికి అది కరిగి నీరైనది! ఆ తెడ్డుల శ్రమనుండియే పడవ మోటారు ఊహ పుట్టినదని పడవప్రియులు నేటికిని ముచ్చటగా చెప్పుకొందురు.

నార్వేలో పుట్టి, చిన్ననాడే అమెరికా చేరిన ఎవిన్‌రూడ్ 1909లో తన మోటారును అమ్మకమునకు పెట్టెను. దాని బరువు 62 పౌండ్లు. బలము ఒకటిన్నర అశ్వశక్తి. వెల 62 డాలర్లు. పడవ వెనుక బల్లకు బిగించి, ప్రొపెల్లరును నీటిలోనికి దింపిన చాలును. అంతకు కొలది యేండ్ల ముందే కామెరాన్ వాటర్‌మన్ ఇట్టి యంత్రమును నిర్మించియుండెను; కాని దానిని సామాన్యుని పడవకు చేర్చిన కీర్తి ఎవిన్‌రూడ్‌దే. అందులో అర్ధభాగము ఆతని భార్యయైన బెస్‌దే యనవలెను. వ్యాపారమును, ప్రకటనలను నడిపినది ఆమెయే.

కాలము మారినది. ఎవిన్‌రూడ్, జాన్సన్ మోటారులను చిరకాలము తయారుచేసిన సంస్థ 2000వ సంవత్సరాంతమున దివాలా తీసెను. మరియొకరి చేతికి పోయిన ఎవిన్‌రూడ్ పేరుతో మోటారుల తయారీ 2020లో నిలిచిపోయినది. కాని ఆ పాత యంత్రములు మాత్రము కొట్టములలోను, అటకలమీదను మిగిలియున్నవి. వానికి మరల ఊపిరి పోయుట కొందరికి జీవితవ్యసనము. 1965లోనే అమెరికాలో పురాతన మోటారుల అభిమానులు ఒక సంఘముగా ఏర్పడిరి.

ఈ పనిలో మొదటి పాఠము ఓర్పు. ఏండ్ల తరబడి మూలబడిన మోటారులో పిస్టను తుప్పుతో సిలిండరునకు అతుక్కొనియుండును. త్రాడు చుట్టి బలముకొలది లాగినచో విరుగునది త్రాడు కాదు, యంత్రము. అందుచేత పనివాడు సిలిండరులో పలుచని నూనె పోసి, దినముల తరబడి వేచియుండును. ఉప్పునీటిలో తిరిగిన మోటారునందు ఉక్కు మరలు అల్యూమినియం పెట్టెలో బిగుసుకొనిపోవును. వానిని విప్పుటకు భౌతికశాస్త్రమే శరణ్యము. వేడిచేసినప్పుడు అల్యూమినియం ఉక్కుకంటె సుమారు రెట్టింపు వ్యాకోచించును గనుక, మెల్లగా వేడి తగిలించినచో మర పట్టు సడలును. తొందరపడి మరను విరిచినవాడు గడియలో తీరు పనిని వారమునకు పెంచుకొనును.

పిదప రెండు పరీక్షలు: నిప్పురవ్వ, ఇంధనము. ఫ్లైవీలు క్రింద తీగచుట్టపైనున్న పూత పగిలినచో విద్యుత్తు దారి తప్పును, రవ్వ పుట్టదు. కార్బురేటరులో ఎండిపోయిన పెట్రోలు జిగురై సన్నని రంధ్రములను మూసివేయును. పాత కార్బురేటరులలో తేలుడు బెండుతో చేయబడి లక్కపూత కలిగియుండును. నేటి పెట్రోలులో కలుపు ఆల్కహాలు ఆ పూతను కరగించును గనుక, దానికి తగిన క్రొత్త పూత వేయవలెను. నూనె విషయమునను జాగ్రత్త అవసరము. ఈ మోటారులకు వేరే నూనెతొట్టి ఉండదు; పెట్రోలులో కలిపిన నూనెయే రక్ష. 1950 ప్రాంతపు పెక్కు మోటారులు 24 పాళ్ళ పెట్రోలునకు ఒక పాలు నూనె కోరును. నేటి యంత్రములకు చాలు 50కి ఒకటి వీనికి పోసినచో లోపలి భాగములు అరిగి నశించును.

పైరంగు మెరయించుట సులభము. కాని తొలి రంగు, తొలి అక్షరములు ఒకసారి గీకివేసిన తిరిగి రావు. పోయిన భాగమును అమ్ము కర్మాగారము నేడు లేదు. అందుచేత ఉత్తముడైన పనివాడు కాలము చేసిన హానిని తొలగించును గాని, తన హానిని దానికి చేర్చడు.

కడపటి పరీక్ష నీటితొట్టిలో. నీరు లేక నడిపినచో చల్లబరచు పంపు చెడును, యంత్రము కాలును. ప్రొపెల్లరును పట్టియుంచు చిన్న మెత్తని ఇత్తడి మేకును కూడ అప్పుడే చూతురు. రాయి తగిలినప్పుడు ఆ మేకు తాను విరిగి లోపలి పండ్లచక్రములను కాపాడును. మాటిమాటికి విరుగుచున్నదని దాని స్థానమున గట్టి ఉక్కుమేకు దిగగొట్టిన తెలివిమంతులు లేకపోలేదు. ఆ తరువాత తగిలిన మొదటి రాతితో మేకు నిలిచినది, పండ్లచక్రములు ముక్కలైనవి. కొలది పైసల మేకు బలహీనత యందే ఆ యంత్రపు ఆయువున్నదని వారికి అప్పుడు తెలిసినది.