పనిమనిషి కొడుకు - ఆర్చిబిషప్ టూటూ

ఆఫ్రికా ఖండం అడుగున, సముద్రం అంచున దక్షిణ ఆఫ్రికా అనే దేశం ఉంది. గాంధీగారు వయసులో ఉన్నప్పుడు 21 ఏళ్లు ఉన్నది ఆ దేశంలోనే. అక్కడ నేల కింద బంగారం ఉంది. వజ్రాలు ఉన్నాయి. జనంలో ఎక్కువమంది నల్లవాళ్లు. పెత్తనం మాత్రం చాలాకాలం కొద్దిమంది తెల్లవాళ్లదే.

ఆ దేశంలో క్లర్క్స్‌డార్ప్ అనే ఊరు ఉంది. 1931 అక్టోబరు 7న డెస్మండ్ టూటూ అక్కడ పుట్టారు. తండ్రి బడిపంతులు. తల్లి పేరు అలేతా. ఆమె తెల్లవాళ్ల ఇళ్లలో బట్టలు ఉతికేది, పాచిపని చేసేది. కొన్నాళ్లు గుడ్డివాళ్ల కోసం నడిపే ఒక సంస్థలో వంట చేసింది. టూటూకి పసితనంలోనే పోలియో వచ్చింది. కుడిచెయ్యి సన్నబడి పోయింది. అయినా ఎడమచేత్తో నెట్టుకొచ్చాడు. రైల్వే స్టేషన్ల దగ్గర వేరుశనక్కాయలు అమ్మి నాలుగు డబ్బులు తెచ్చేవాడు.

ఒకరోజు ఆ పిల్లవాడు తల్లితో పాటు రోడ్డు పక్కన నిలబడి ఉన్నాడు. ఒక తెల్ల ఫాదరీ అటుగా పోతున్నాడు. పోతూ పోతూ టోపీ తీసి అలేతాకు మర్యాద చేశాడు. పిల్లవాడు నోరు తెరిచి చూశాడు. తెల్లవాడేమిటి, పనిమనిషికి టోపీ తియ్యడమేమిటి? ఆ ఫాదరీ పేరు ట్రెవర్ హడిల్‌స్టన్. తర్వాత టూటూకి క్షయ జబ్బు పట్టుకుంది. ఏడాదిన్నరకు పైగా ఆసుపత్రిలో పడి ఉన్నాడు. హడిల్‌స్టన్ వారం వారం వచ్చి చూసేవాడు. చదువుకోవడానికి పుస్తకాలు తెచ్చి ఇచ్చేవాడు. టూటూ తన కొడుక్కి ట్రెవర్ అని పేరు పెట్టుకున్నారు.

1948లో ఆ దేశంలో కొత్త ప్రభుత్వం వచ్చింది. తెల్లవాళ్లు వేరు, నల్లవాళ్లు వేరు అని చట్టాలు చేసింది. దీన్ని ‘అపార్తీడ్’ అంటారు. అంటే వేరు పెట్టడం. ఊళ్లు వేరు. బడులు వేరు. ఆసుపత్రులు వేరు. రైలు పెట్టెలు వేరు. ఆఖరికి పార్కులో బెంచీలు కూడా వేరు. మంచినీళ్ల బావి దగ్గర దూరంగా నిలబడమంటే ఎట్లా ఉంటుందో మన పల్లెల్లో చాలామందికి చెప్పక్కరలేదు. అక్కడ ఆ పని సర్కారే చేసింది, చట్టం రాసి మరీ చేసింది.

మనవాళ్లు కూడా ఆ బాధ పడ్డారు. 1860 నుంచి మద్రాసు రేవులో ఓడలెక్కి వేలమంది దక్షిణ ఆఫ్రికా చెరుకుతోటల్లో కూలికి పోయారు. వాళ్లలో తెలుగువాళ్లు ఉన్నారు. వాళ్ల మనవలకు కూడా ఈ చట్టాలు తగిలాయి. ఎక్కడ ఇల్లు కట్టుకోవాలో, ఎక్కడ కొట్టు పెట్టుకోవాలో సర్కారే గీత గీసింది.

అన్నిటికంటే కష్టం పాసు పుస్తకం. నల్లవాళ్లు పట్నంలో అడుగు పెట్టాలంటే అది చేతిలో ఉండాలి. లేకపోతే జైలే. మొదట మగవాళ్లకే ఉండేది. తర్వాత ఆడవాళ్లు కూడా మొయ్యాలన్నారు. ఆడవాళ్లు ఊరుకోలేదు. 1956 ఆగస్టు 9న సుమారు 20 వేలమంది రాజధాని ప్రిటోరియాకు కదిలి వచ్చారు. కొందరు చంకన బిడ్డల్ని వేసుకుని వచ్చారు. సర్కారు కచేరీ ముందు అరగంట సేపు మాట లేకుండా నిలబడ్డారు. అంతమంది ఆడవాళ్లు నోరు మెదపకుండా నిలబడితే ఎంత బలమో చూడండి. అయినా సర్కారు వెనక్కి తగ్గలేదు. పాసు చట్టం 1986 దాకా పోలేదు. ఆగస్టు 9 మాత్రం ఇప్పుడు అక్కడ ఆడవాళ్ల రోజు, అందరికీ సెలవు.

టూటూకి డాక్టరు చదవాలని ఉండేది. సీటు వచ్చింది. ఫీజుకు డబ్బు లేదు. అందుకని తండ్రిలాగే పంతులయ్యారు. 1955లో లియా అనే ఆమెను పెళ్లి చేసుకున్నారు. ఆమె కూడా టీచరు చదువు చదివింది. అప్పటికే సర్కారు మరో చట్టం తెచ్చింది. నల్లపిల్లలకు పెద్ద చదువు ఎందుకు, కూలిపని చెయ్యడానికి సరిపడా నేర్పితే చాలు అన్నది ఆ చట్టం సారం. చదువు రాకుండా చేస్తే మనిషి తలెత్తడు అని వాళ్లకు బాగా తెలుసు. ఇట్లాంటి చదువు మేము చెప్పం అని టూటూ, లియా ఇద్దరూ బడి మానేశారు.

ఆ తర్వాతే ఆయన చర్చి వైపు వచ్చారు. 1961లో ఫాదరీ అయ్యారు. 1962లో పై చదువుకు లండన్ వెళ్లారు. అక్కడ పాసు లేదు. ఎవరూ ఆపి అడగరు. పోలీసు కూడా ‘సర్’ అని పిలుస్తాడు. ఆ పిలుపు వినడం కోసం దారి తెలిసినా పోలీసును దారి అడిగేవాళ్లమని టూటూ తర్వాత నవ్వుతూ చెప్పేవారు. ఆ నవ్వు వెనక ఎంత బాధ ఉందో!

1975లో జొహానెస్‌బర్గ్‌లో పెద్ద చర్చికి ‘డీన్’ అయ్యారు. ఆ పదవికి వచ్చిన మొదటి నల్లవాడు ఆయనే. డీనుకు తెల్లవాళ్ల పేటలో పెద్ద బంగళా ఉంటుంది. అక్కడ ఉండాలంటే సర్కారు దగ్గర ప్రత్యేకంగా అనుమతి తీసుకోవాలి. నాకు ఆ బంగళా వద్దు అన్నారు. నల్లవాళ్లు ఉండే సొవేటోలో కాపురం పెట్టారు.

అక్కడి కుర్రవాళ్ల కడుపుమంట ఆయనకు కనిపించింది. 1976 మే నెలలో ప్రధానమంత్రికి జాబు రాశారు. మా వాళ్ల ఓపిక అయిపోతోంది, త్వరగా ఏదో ఒకటి చెయ్యకపోతే రక్తపాతం జరుగుతుంది అని హెచ్చరించారు. ప్రధాని పట్టించుకోలేదు. తర్వాతి నెలలోనే, జూన్ 16న, సొవేటోలో బడిపిల్లలు ఊరేగింపు తీశారు. తెల్లవాళ్ల ఆఫ్రికాన్స్ భాషలో పాఠాలు చెప్పవద్దని వాళ్ల కోరిక. పోలీసులు కాల్పులు జరిపారు. 12 ఏళ్ల హెక్టర్ పీటర్సన్ అనే పిల్లవాడు చనిపోయాడు. తర్వాతి నెలల్లో వందలమంది పోయారు.

1978లో టూటూ దేశంలోని చర్చిల మండలికి పెద్ద అయ్యారు. జైలుకు పోయినవాళ్ల ఇళ్లకు ఆ మండలి సాయం చేసేది. ఆయన దేశదేశాలు తిరిగి ఒకటే చెప్పారు: ఈ సర్కారుతో వ్యాపారం ఆపండి, అప్పుడే దిగివస్తుంది. సర్కారుకు కోపం వచ్చింది. 1980లో ఆయన పాస్‌పోర్టు లాక్కుంది. మరోసారి ప్రయాణానికి ఒక కాగితం ఇచ్చింది. ఏ దేశంవాడు అన్న చోట ‘ఇప్పట్లో తేల్చలేము’ అని రాసింది. పుట్టిన గడ్డ మీద ఉన్న మనిషికి ఇచ్చిన కాగితం అది! 1984లో ఆయనకు నోబెల్ శాంతి బహుమతి వచ్చింది. 1986లో కేప్‌టౌన్ ఆర్చిబిషప్ అయ్యారు. అంటే అక్కడి ఆంగ్లికన్ చర్చికంతా పెద్ద.

ఆయన తనవాళ్లను కూడా మందలించేవారు. 1985లో డుడుజా అనే ఊళ్లో చావు ఊరేగింపు జరుగుతోంది. ఒకడు పోలీసుల మనిషని జనం అనుమానించారు. పట్టుకుని కొట్టారు, తగలబెట్టబోయారు. పొట్టిమనిషి టూటూ ఆ గుంపులోకి దూరారు. మరో బిషప్పుతో కలిసి అతన్ని కాపాడారు. కాని కొద్దిరోజులకే అదే ఊళ్లో ఒక ఆడమనిషిని జనం తగలబెట్టి చంపారు. ఇట్లాంటివి జరిగితే నేను పెళ్లాం పిల్లలతో ఈ దేశం వదిలి పోతాను అని టూటూ బహిరంగంగా అన్నారు. కొందరికి అది నచ్చలేదు.

1990లో నెల్సన్ మండేలా 27 ఏళ్ల జైలు నుంచి బయటికి వచ్చారు. ఆ మొదటి రాత్రి టూటూ ఇంట్లోనే పడుకున్నారు. 1994 ఏప్రిల్‌లో అందరికీ ఓటు వచ్చింది. జనం మైళ్ల పొడుగున వరసలో నిలబడ్డారు. చదువు రానివాళ్లు కూడా గుర్తుపట్టాలని ఓటు కాగితం మీద నాయకుల ఫొటోలు వేశారు. టూటూకి అప్పుడు 62 ఏళ్లు. అదే ఆయన మొదటి ఓటు.

సర్కారు మారింది. మరి పాత పాపాల సంగతి? చంపినవాళ్లు ఉన్నారు. ఏడ్చేవాళ్లు ఉన్నారు. అందుకని నిజం తేల్చడానికి ఒక కమిషన్ వేశారు. టూటూని దానికి అధ్యక్షుణ్ని చేశారు. చేసిన నేరాన్ని దాచకుండా అందరి ముందు ఒప్పుకుంటే క్షమాభిక్ష అడగవచ్చు. బాధపడ్డవాళ్లు తమ గోడు చెప్పుకోవచ్చు. 1996 ఏప్రిల్‌లో విచారణ మొదలైంది. నొమొండే కాలాటా అనే ఆమె వచ్చింది. ఆమె భర్తను 1985లో పోలీసులు చంపారు. చెబుతూ చెబుతూ ఆమె వెనక్కి వాలి ఒక్క కేక పెట్టింది. ఆ కేకకు సభ ఆగిపోయింది. మళ్లీ మొదలైనప్పుడు టూటూ పాట ఎత్తుకున్నారు. హాలంతా గొంతు కలిపింది. మరోసారి ఒక ముసలాయన బాధ వింటూ టూటూయే బల్ల మీద తల పెట్టుకుని ఏడ్చారు.

21 వేలమందికి పైగా తమ గోడు రాయించారు. వాళ్లలో సగానికి పైగా ఆడవాళ్లు. అయితే వాళ్లు చెప్పింది ఎక్కువగా భర్త గురించి, కొడుకు గురించి. తాము జైల్లో పడ్డ బాధ, తమ ఒంటి మీద జరిగిన అత్యాచారం చెప్పుకోలేదు. అందుకని కమిషన్ ఆడవాళ్ల కోసం వేరుగా సభలు పెట్టింది.

ఈ పద్ధతి అందరికీ నచ్చలేదు. హంతకుడు తప్పు ఒప్పుకుంటే చాలా, శిక్ష లేదా అని కొన్ని కుటుంబాలు కోర్టుకు పోయాయి. ఓడిపోయాయి. వాళ్ల కోపంలో న్యాయం ఉంది. నష్టపరిహారం కూడా కమిషన్ చెప్పినంత ఇవ్వలేదు, ఆలస్యం చేశారు. కాలాటా భర్తను చంపినవాళ్లకు 1999లో క్షమాభిక్ష దొరకలేదు. అయినా వాళ్లలో ఎవరికీ శిక్ష పడలేదు. 2025లో ఆ కేసు మీద మళ్లీ విచారణ మొదలైంది. నిందితులు అప్పటికే చనిపోయారు.

లియా కూడా ఊరికే కూర్చోలేదు. ఇళ్లలో పనిచేసే ఆడవాళ్ల హక్కుల కోసం ఏళ్లపాటు పనిచేసింది. టూటూ హయాంలోనే, 1992లో, అక్కడి ఆంగ్లికన్ చర్చిలో ఆడవాళ్లకు ఫాదరీలయ్యే హక్కు వచ్చింది. వాళ్ల చిన్నకూతురు మ్ఫో కూడా తర్వాత ఫాదరీ అయింది.

మన దేశం టూటూకి 2005 సంవత్సరపు గాంధీ శాంతి బహుమతి ఇచ్చింది. ఆయన 2021 డిసెంబరు 26న, 90 ఏళ్ల వయసులో చనిపోయారు. నాకు అన్నిటికంటే చౌక శవపెట్టె చాలు అని ముందే చెప్పి ఉంచారు. అట్లాగే మామూలు చెక్కపెట్టె తెచ్చారు. దాని పిడులు తాళ్లతో చేసినవి.