భవనం నిలిచింది... ఆస్పత్రి ఆగింది!

1994 జనవరి 17, తెల్లవారుజాము నాలుగున్నర. లాస్‌ఏంజెలిస్ దగ్గర సిల్మార్‌లోని ఓలివ్ వ్యూ ఆస్పత్రి ఊగిపోయింది. 1971 భూకంపంలో అక్కడి సరికొత్త భవనం పాడైపోతే, దాన్ని పడగొట్టి ఉక్కు గోడలతో మహా గట్టిగా కట్టింది ఇది. అనుకున్నట్టే కూలలేదు. కానీ నీటి పైపులు పగిలి లోపలంతా తడిసిపోయింది. గాయపడ్డవాళ్లను చేర్చుకోవాల్సిన రోజునే ఉన్న రోగుల్ని వేరేచోటికి పంపాల్సి వచ్చింది!

అందుకే ఆస్పత్రి ఎంత భద్రమో తేల్చే నిపుణులు స్తంభాలూ దూలాలూ చూసి వెళ్లిపోరు. పాన్ అమెరికన్ ఆరోగ్య సంస్థ 2008లో తెచ్చిన పరిశీలన పత్రంలో 145 అంశాలుంటే, కట్టడం పటిష్ఠతకు సంబంధించినవి 13 మాత్రమే. సీలింగు మీది పైపుల్ని సరిగ్గా బిగించారా, ఆక్సిజన్ సిలిండర్లు దొర్లిపోకుండా కట్టారా, కరెంటు పోతే జనరేటర్ అందుకుంటుందా, ట్యాంకులో నీళ్లు ఎన్నాళ్లొస్తాయి... మనింట్లో గ్యాస్‌బండ గురించి పడే జాగ్రత్తల్లాంటివే చాలామటుకు.

సముద్రం పక్కనైతే ఇంకో ప్రశ్న- అసలు ఆస్పత్రి ఎక్కడుంది? 2011 మార్చి 11న జపాన్‌లోని మినామిసన్రికులో షిజుగావా ఆస్పత్రి భూకంపాన్ని తట్టుకుంది. ఆ వెనకే వచ్చిన సునామీ నాలుగో అంతస్తును ముంచేసింది. లేవలేని వృద్ధుల్ని సిబ్బంది మెట్ల మీదుగా పైకి మోశారు. అందరినీ చేర్చేంత వ్యవధి లేకపోయింది. 70 మందికి పైగా రోగులు బలయ్యారు.

ఆ ఊరి కొత్త ఆస్పత్రి 2015లో మొదలైంది, కొండవాలున మెరక మీద.